పామర్రులో మిగిలిన కాపీ

దత్తాత్రేయకు యాభై నాలుగేళ్ళు నిండేసరికి మోకాళ్ళు అరిగాయి, కళ్ళజోడు మూడుసార్లు మారింది. ఉద్యోగం మాత్రం పదకొండేళ్ళుగా ఒక్కటే. విజయవాడ సింగ్‌నగర్‌లో ఒక ఇంటి కింది వాటాలో నడిచే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేవాడు. చూసుకోవడమంటే కేబుళ్ళు లాగడం, పాడైనవాటిని విప్పి బిగించడం, కొత్తగా చేరినవాళ్ళకి పని చూపించడం, ఎవరైనా మానేసి వెళ్ళిపోతే వాళ్ళు సగంలో వదిలేసిన ప్రోగ్రాం తను కూర్చుని రాయడం. పేరుకు సిస్టమ్ అడ్మిన్. ఆఫీసులో అందరూ దత్తుగారు అనేవాళ్ళు.

అతని తండ్రి సత్యనారాయణపురంలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాడు. ఆ మిషన్లు తూకానికి అమ్మేసిన ఏడాదే దత్తాత్రేయ ఏలూరు రోడ్డులో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పడానికి చేరాడు. తండ్రి ఆ సంగతి మీద ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆ సెంటర్ మూతపడ్డాక రెండు కాలేజీల్లో ల్యాబ్ అసిస్టెంటుగా చేశాడు. నలభై దాటాక జయకృష్ణ ఆఫీసుకు వచ్చాడు. అప్పటికే అతనిలో పరుగు తగ్గింది. ఉన్నచోటు నిలుపుకుంటే చాలనుకునేవాడు.

జయకృష్ణది గుడివాడ వైపు వ్యవసాయ కుటుంబం. మేనమామగారి రైస్ మిల్లులో లెక్కలు రాసే గుమస్తా అవస్థ చూసి మిల్లుల కోసం ఒక సాఫ్ట్‌వేర్ చేయించాడు. పేరు ధాన్యసిరి. ధాన్యం లారీ కాటా ఎక్కిన దగ్గర్నుంచి బియ్యం బస్తాలు గేటు దాటేదాకా అంతా అందులోనే నమోదవుతుంది. డెల్టాలో డెబ్భైకి పైగా మిల్లులు దాన్ని వాడేవి.

మొదట్లో జయకృష్ణకు ఒక భాగస్వామి ఉండేవాడు. అతను ఒకరోజు కోడ్ అంతా పట్టుకెళ్ళి, పేరు మార్చి వేరే ఊళ్ళో అమ్ముకున్నాడు. ఆ దెబ్బతో జయకృష్ణకు భయం పట్టుకుంది. మిగతా ఆఫీసులవాళ్ళు తమ కోడ్‌ను ఇంటర్నెట్‌లో దాచుకుంటారు. జయకృష్ణ ఒప్పుకోలేదు.

"మనది మన గోడలు దాటకూడదు దత్తుగారూ. ఏం చేస్తారో మీ ఇష్టం" అన్నాడు.

దత్తాత్రేయ మెట్ల కింద ఒక పాత కంప్యూటర్ పెట్టి దాన్ని సర్వర్ చేశాడు. ధాన్యసిరి రిపోజిటరీ, ఆఫీసు భాషలో రెపో, అందులో ఉండేది. రెపో అంటే ప్రోగ్రాం ఒక్కటే కాదు. అది పుట్టిన రోజు నుంచి ఎవరు ఏ తారీకున ఏ లైను మార్చారో పేర్లతో సహా అందులో ఉంటుంది. ఆఫీసులో ఆరు కంప్యూటర్లు. ఆరింటికీ అతనే కేబుల్ లాగి సర్వర్‌కు కలిపాడు. ఎవరు చేరినా ముందు రెపోను తమ కంప్యూటర్లోకి క్లోన్ చేసుకోవాలి. అంటే ఆ చరిత్ర మొత్తంతో సహా ఒక పూర్తి కాపీ తెచ్చుకోవడం. రోజంతా రాసుకుని, సాయంత్రం తమ మార్పుల్ని తిరిగి సర్వర్‌కు పంపాలి. ఇదంతా గోడల మధ్యే జరిగేది. ఏ కంప్యూటర్ ఎప్పుడు తనను అడిగిందో సర్వర్ దానంతటదే రాసుకునే చిట్టాను, అంటే లాగ్‌ను, దత్తాత్రేయ పదిహేను రోజులకొకసారి చూసి రిజిస్టర్లో రాసేవాడు. అది జయకృష్ణ పెట్టిన పని. దత్తాత్రేయకు ఇష్టంలేని పని కూడా.

భానుశ్రీ అక్కడ మూడేళ్ళు పనిచేసింది. పామర్రు దాటి నాలుగు కిలోమీటర్లు లోపలికి వెళితే వాళ్ళ ఊరు. తండ్రి హనుమయ్య నాలుగెకరాల రైతు. రోజూ బందరు బస్సులో వచ్చి వెళ్ళేది. కాటా దగ్గర తూకం దానంతటదే ప్రోగ్రాంలోకి వచ్చే భాగం ఆమె రాసిందే. రెండు కంప్యూటర్లను మధ్యలో ఏమీ లేకుండా ఒక్క కేబుల్‌తో కలిపి రెపో ఎలా తెచ్చుకోవాలో దత్తాత్రేయ ఆమెకు ఒక మధ్యాహ్నం నేర్పాడు. ఒకసారి చెబితే చాలు, పట్టుకునేది. అంత తేలిగ్గా నేర్చుకునేవాళ్ళు అతనికి చాలా ఏళ్ళుగా తగల్లేదు.

ఆ ఏడాది ఫిబ్రవరి చివర్లో భానుశ్రీ తల్లి సీతారావమ్మకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. వారం సెలవు పెట్టింది. సెలవు నుంచి వచ్చిన రెండోరోజు దత్తాత్రేయ సర్వర్ లాగ్ చూస్తుంటే ఆఫీసుది కాని కంప్యూటర్ పేరు కనిపించింది. సెలవుకు ముందు రోజు మధ్యాహ్నం భోజనాల వేళ అది సర్వర్ నుంచి రెపో మొత్తం క్లోన్ తీసుకుంది. పేరు చూడగానే ఎవరిదో అర్థమైంది. తన సొంత ల్యాప్‌టాప్‌కు భానుశ్రీ తన పేరే పెట్టుకుంది. దొంగతనం చేసేవాళ్ళు అలా పెట్టుకోరు.

ఆ పేరు చూస్తూ కాసేపు కూర్చున్నాడు. రాయకుండా వదిలెయ్యొచ్చు. కానీ జయకృష్ణ అప్పుడప్పుడు తనే ఆ లాగ్ తెరిచి చూస్తాడు. రిజిస్టర్లో లేనిది అక్కడ కనిపిస్తే ముందు పోయేది తన ఉద్యోగం. ఈ వయసులో ఎవరిస్తారు? రాశాడు. సాయంత్రం జయకృష్ణ గదిలోకి వెళ్ళి చెప్పాడు కూడా. జయకృష్ణ వెంటనే ఆమెను పిలిపించాడు.

"అమ్మ పక్కన హాస్పిటల్లో కూర్చుని కాటా పని పూర్తి చేద్దామని తీసుకెళ్ళాను సార్. పూర్తి చేసి పంపాను కూడా" అంది భానుశ్రీ. జయకృష్ణ వినలేదు. ఆమె మీద కేకలెయ్యలేదు, తిట్టలేదు. "రేపటినుంచి రావద్దు" అన్నాడంతే. తర్వాత దత్తాత్రేయ వైపు తిరిగి, "ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నదంతా మీ చేత్తో తీసెయ్యండి" అన్నాడు.

దత్తాత్రేయ ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఉన్న క్లోన్ తీసేశాడు. అతను లేవబోతుండగా ఆమె మెల్లిగా అంది.

"ఇంటి దగ్గర డెస్క్‌టాప్‌లో కూడా ఒకటుంది సార్. ఈ ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోతుందని అందులోకి తీసుకున్నాను. మీరు నేర్పారుగా, కేబుల్‌తో. అది కూడా చెప్పాలిగా."

అది జయకృష్ణకు చెబితే తనను పామర్రు పంపిస్తాడు. హాస్పిటల్ నుంచి వచ్చి మంచం మీదున్న ఆ తల్లి ముందు కంప్యూటర్ తెరిచి తుడవాలి. ఆ పని అతని వల్ల కాదు.

"అది నువ్వే తీసెయ్యమ్మా" అని లేచిపోయాడు. రిజిస్టర్లో, అన్ని కాపీలూ తొలగించబడినవి అని రాసి సంతకం పెట్టాడు.

ఆ రోజు ఇంటికి వెళ్ళాక భార్య కనకవల్లి, "ఏంటి అలా ఉన్నారు?" అని అడిగింది. ఏం లేదన్నాడు.

సెప్టెంబరు ఒకటో తారీకు ఆదివారం. ముందు రోజంతా వాన కొట్టింది. తెల్లారేసరికి బుడమేరు నీళ్ళు సింగ్‌నగర్ వీధుల్లోకి వచ్చాయి. సత్యనారాయణపురంలో దత్తాత్రేయ ఉండే వీధికి నీళ్ళు రాలేదు. అతను సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా నడిచి వెళ్ళాడు. అక్కడి నుంచి అవతలికి వెళ్ళడానికి లేదు. తమ ఇళ్ళున్న దిక్కు చూస్తూ జనం నిలబడ్డారు. కింద పడవలు తిరుగుతున్నాయి. ట్రాక్టర్లలో పిల్లల్ని, ముసలివాళ్ళని దింపుతున్నారు. పాల ప్యాకెట్ల కోసం చేతులు చాపుతున్నారు. అంతమంది అలా ఉంటే తను మెట్ల కింద పెట్టిన కంప్యూటర్ గురించి ఆలోచిస్తున్నందుకు అతనికి సిగ్గేసింది. అయినా ఆలోచించకుండా ఉండలేకపోయాడు. వారం రోజులు రోజూ వెళ్ళి నిలబడి వచ్చాడు.

నీళ్ళు తీశాక ఆఫీసు తలుపు తోస్తే రాలేదు. లోపల బురద పట్టేసింది. గోడ మీద నీటి గీత దత్తాత్రేయ ఛాతీకి పైన ఉంది. ఆరు కంప్యూటర్లలో ఆరు క్లోన్లున్నాయి. ఆరూ ఆ నీళ్ళలోనే మునిగాయి. మెట్ల కింద సర్వర్, బీరువా అడుగు అరలో భద్రంగా తాళం వేసి పెట్టిన బ్యాకప్ డిస్కు, అన్నీ.

"డిస్కుకు కరెంటు ఇవ్వొద్దు సార్. ఇలాగే తడిగుడ్డలో చుట్టి హైదరాబాదు పంపుదాం. తెలిసినవాళ్ళు తీస్తారు" అన్నాడు దత్తాత్రేయ.

జయకృష్ణ మూడు రోజులుగా నిద్రపోలేదు. ఇంట్లోకీ నీళ్ళు వచ్చాయి, కారు పోయింది. మిల్లుల వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. దత్తాత్రేయ అటు వెళ్ళగానే సర్వర్ డిస్కును, బ్యాకప్ డిస్కును ఎండలో ఆరబెట్టి, ఎవరో షాపతన్ని పిలిపించి కరెంటు ఇప్పించాడు. రెండూ కాలిన వాసన వచ్చి ఆగిపోయాయి. మిగతావి హైదరాబాదు పంపారు. పది రోజులకు జవాబొచ్చింది. ఒక డిస్కులోంచి ఆఫీసు పార్టీ ఫొటోలు, తెగిపోయిన కొన్ని ఫైళ్ళు. మిగతావాటిలోకి బురద దిగిపోయింది.

"మిల్లుల్లో నడుస్తోందిగా. అందులోంచి తియ్యలేమా?" అని అడిగాడు జయకృష్ణ. అతనికి జవాబు తెలుసు. అయినా అడిగాడు.

"అన్నంలోంచి బియ్యం తియ్యలేం కదండీ" అన్నాడు దత్తాత్రేయ. మిల్లుల్లో ఉన్నది తయారైన ప్రోగ్రాం. నడుస్తుంది, కానీ మార్చడానికి కుదరదు. కార్తీకం వస్తే కోతలు మొదలవుతాయి. ఏటా ఆ సీజన్ ముందు మార్చాల్సినవి బోలెడుంటాయి. మార్చకపోతే మిల్లులు వేరే సాఫ్ట్‌వేర్ చూసుకుంటాయి. పదేళ్ళ పని పోయినట్టే.

జయకృష్ణ ప్లాస్టిక్ కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. దత్తాత్రేయకు అప్పుడు గుర్తొచ్చింది. పామర్రు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఆ కాపీ ఇంకా ఉందో లేదో తెలియదు. తీసెయ్యమని తనే చెప్పాడు. ఆ పిల్ల చెప్పిన మాట వినే మనిషి.

ఫోన్ చేసి అడగడానికి మొహం చెల్లలేదు. తర్వాతి ఆదివారం పాత ల్యాప్‌టాప్, ఒక పెన్‌డ్రైవ్, పది అడుగుల కేబుల్ సంచిలో పెట్టుకుని బందరు బస్సెక్కాడు. కంకిపాడు, ఉయ్యూరు దాటాక రోడ్డుకు రెండువైపులా చేలల్లో నీళ్ళు ఇంకా నిలిచే ఉన్నాయి. పామర్రులో దిగి ఆటో మాట్లాడుకున్నాడు.

హనుమయ్య వాకిట్లో కూర్చుని పంపు మోటారు విప్పుతున్నాడు. దత్తాత్రేయ పేరు చెప్పగానే చేతిలో పానా కింద పెట్టాడు. మర్యాదకు లేచాడు కానీ మొహంలో నవ్వు లేదు.

"రండి. కూర్చోండి" అని కుర్చీ వేశాడు. "మా నాట్లు కూడా పోయాయండీ. పదిరోజులు మునిగాయి. కుళ్ళిపోయాయి. మళ్ళీ నారు దొరికితే వెయ్యాలి. ఎక్కడా లేదంటన్నారు." చేతికంటిన గ్రీజు తుడుచుకుని, "అమ్మాయికి ఆ కాయితం ఎందుకివ్వలేదండీ మీరు?" అన్నాడు.

"ఏ కాయితం అండీ?"

"అదేనండీ, మీ దగ్గర పనిచేసిందని ఇస్తారంటగా. మంగళగిరిలో ఉద్యోగం వచ్చింది దానికి. పాత కంపెనీ కాయితం తెమ్మన్నారు. మీవాళ్ళు ఇవ్వలేదు. వాళ్ళు మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే దొంగతనం చేసిందని చెప్పారంట."

దత్తాత్రేయకు ఈ సంగతి తెలియదు. తెలియదని చెప్పాడు. హనుమయ్య నమ్మాడో లేదో అర్థం కాలేదు.

భానుశ్రీ లోపలి నుంచి వచ్చింది. సన్నబడింది. పామర్రులో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు కంప్యూటర్ చెబుతోందట. "బాగున్నారా సార్" అంది. అతను ఆఫీసు మునిగిన సంగతి, డిస్కులు పోయిన సంగతి చెప్పాడు. ఎందుకొచ్చాడో ఆమెకు అప్పటికే అర్థమైంది.

"తీసెయ్యలేదు సార్" అంది. "రెండుసార్లు తీసేద్దామని కూర్చున్నాను. ముందు ఒకసారి అందులో ఎవరెవరు ఏం రాశారో చూద్దామని తెరిచాను. నేను చేరిన మొదటివారం రాసినవి కూడా ఉన్నాయి, మీరు దిద్దినవి. చదువుతూ కూర్చుని లేచిపోయాను. తర్వాత ఆ కంప్యూటరే తెరవలేదు."

మధ్యగదిలో మంచం పక్కన బల్ల మీద ఆ డెస్క్‌టాప్ ఉంది. మీద పాత చీరముక్క కప్పారు. తెరిచారు. వచ్చేదాకా ఐదు నిమిషాలు పట్టింది. రెపో ఉంది. మార్చి మొదటివారం దాకా ఉంది. ఆ తర్వాతి ఆరు నెలలు లేవు. దత్తాత్రేయ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

పెన్‌డ్రైవ్ పెడితే ఆ కంప్యూటర్ గుర్తుపట్టలేదు. దానికి మౌసు, కీబోర్డు తప్ప మిగతా యూఎస్‌బీ పోర్టులు పనిచెయ్యవంది భానుశ్రీ. కేబుల్ తీసి రెండింటినీ కలిపారు. ఒకదానికి ఒక నెట్‌వర్క్ నంబరు, రెండోదానికి పక్క నంబరు ఇచ్చి, ఒకటి రెండోదాన్ని చూసేలా చేశారు. క్లోన్ మొదలైంది. ఏళ్ళ తరబడి అందరూ మిల్లుల ఫొటోలు, పెద్ద పెద్ద ఫైళ్ళు కూడా అందులో కుక్కారు. ఆ డిస్కు పాతది. శాతం అంకెలు ఒక్కొక్కటే కదులుతున్నాయి.

నలభై రెండు శాతం దగ్గర కరెంటు పోయింది.

"మళ్ళీ మొదటినుంచేగా సార్" అంది భానుశ్రీ.

"మొదటినుంచే."

గంటన్నరకు కరెంటు వచ్చింది. ఈలోపు సీతారావమ్మ భోజనం పెట్టింది. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, పెరుగు. "ఆపరేషన్ అయ్యాక బాగానే ఉన్నారాండీ?" అని దత్తాత్రేయ అడిగితే "బాగానే ఉందండీ" అని ముక్తసరిగా అంది. వడ్డించేటప్పుడు మాత్రం దేనికీ తక్కువ చెయ్యలేదు.

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి డెబ్భై దాటాక పోయింది. దత్తాత్రేయ వాకిట్లోకి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మోకాళ్ళు లాగుతున్నాయి. భానుశ్రీ వచ్చి గుమ్మం పక్కన నిలబడింది.

"ఒకటి అడగనా సార్?"

"అడుగు."

"మీరు చెప్పకుండా ఉండొచ్చుగా."

"ఉండొచ్చు" అన్నాడు.

ఆమె ఇంకేదో అంటాడని చూసింది. భయపడ్డానని చెప్పొచ్చు. అది ఆమెకు తెలియనిదేం కాదు. హనుమయ్య మోటారు బిగించి, నారు కోసం ఎవరినో కలవాలని సైకిల్ తీసుకుని వెళ్ళిపోయాడు.

మూడోసారి నాలుగున్నరకు మొదలుపెడితే పొద్దు వాలేవేళకు పూర్తయింది. దత్తాత్రేయ లోపల ఏదీ తెగలేదు కదా అని మొత్తం సరిచూశాడు. బాగానే ఉంది. కేబుల్ చుడుతుంటే భానుశ్రీ, "ఇప్పుడు ఇందులోది తీసెయ్యాలా సార్?" అని అడిగింది.

"వద్దు. ఉంచు" అన్నాడు. "నువ్వు ఏమీ అడగలేదేమ్మా? ఆ లెటర్ గురించి."

"అడిగితే, ఆ లెటర్ ఇస్తేనే కోడ్ ఇస్తానన్నట్టు అవుద్ది సార్. అది మీది, మీకిచ్చాను."

తిరుగు బస్సులో సీటు దొరికింది. ల్యాప్‌టాప్ సంచి ఒళ్ళో పెట్టుకుని దత్తాత్రేయ కంకిపాడు దాకా ఆ మాటే ఆలోచించాడు. ఆమె అడగలేదు. కాబట్టి తను అడగాలి. ఎలా అడగాలో ఎంత ఆలోచించినా తేలలేదు. ఇంటికి వచ్చాక కనకవల్లికి ఫిబ్రవరి నుంచి జరిగిందంతా చెప్పాడు. ఆమె మధ్యలో అడ్డు రాకుండా విని, "ఉద్యోగం పోతే పోతుంది లెండి. నా జీతం ఉందిగా" అంది. ఆమె మున్సిపల్ స్కూల్లో టీచరు.

సోమవారం జయకృష్ణ గుణదలలో అద్దెకు తీసుకున్న మేడమీద గదిలో ఉన్నాడు. ఆఫీసుకు మిగిలింది ఆ గదీ, రెండు కొత్త కంప్యూటర్లే.

"కోడ్ దొరికిందండీ" అన్నాడు దత్తాత్రేయ. "మార్చి దాకా ఉంది."

జయకృష్ణ లేచి నిలబడ్డాడు. "ఎక్కడ?"

"భానుశ్రీ వాళ్ళింట్లో. అక్కడ ఇంకోటుందని అప్పుడే నాకు చెప్పింది. నేను మీకు చెప్పలేదు. అన్నీ తీసేశానని అబద్ధం రాశాను."

జయకృష్ణ మళ్ళీ కూర్చున్నాడు. చాలాసేపు అతని మొహంలో సంతోషం, కోపం రెండూ ఉన్నాయి. చివరికి, "సరే. ఎక్కించండి" అన్నాడు.

దత్తాత్రేయ సంచి తెరవలేదు. "ముందు ఆ అమ్మాయి రిలీవింగ్ లెటర్ మీద సంతకం పెట్టండి సార్. తనంతట తనే మానేసిందని, పని బాగా చేసిందని రాయండి."

"నాకు షరతులా దత్తుగారూ? నా కోడ్ నాకివ్వడానికి?"

"ఏమన్నా అనుకోండి. నాకు పోట్లాడే ఓపిక లేదు. ఊరుకునే ఓపిక కూడా లేదు."

"ఆ అమ్మాయి అడగమందా?"

"అడగలేదండీ. తీసుకెళ్ళమని ఇచ్చేసింది. అడుగుతున్నది నేను."

జయకృష్ణ కిందికి వెళ్ళిపోయాడు. ఆ రోజు తిరిగి రాలేదు. మంగళవారం వచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. దత్తాత్రేయ ఒక మూల కూర్చుని కొత్త కంప్యూటర్లకు కేబుల్ లాగుతూ ఉన్నాడు. ఆ రెండు రోజులూ అతను ఇంటికి వెళ్ళేటప్పుడు సంచి వెంట తీసుకెళ్ళాడు. అలా తీసుకెళ్ళడం తనకే అసహ్యంగా ఉండేది. పదకొండేళ్ళలో ఒక స్క్రూ కూడా ఆఫీసుది ఇంటికి తీసుకెళ్ళలేదు.

బుధవారం ఉదయం జయకృష్ణ ప్రింటు తీసిన కాగితం బల్ల మీద పెట్టాడు. "చదువుకోండి. చాలకపోతే చెప్పండి" అన్నాడు. దత్తాత్రేయ రెండుసార్లు చదివాడు. సరిగ్గానే ఉంది. ఫోన్లో దొంగ అని చెప్పినందుకు ఏమైనా అంటాడేమోనని చూశాడు. అనలేదు. దత్తాత్రేయ దాన్ని కవరులో పెట్టి ఆ మధ్యాహ్నమే రిజిస్టర్ పోస్టులో పామర్రు పంపాడు. తర్వాత సంచి తెరిచి కోడ్ ఎక్కించాడు.

ఆరు నెలల పని తిరిగి రాయాల్సి వచ్చింది. వరద తర్వాత ఇద్దరు మానేశారు. మిగిలినవాళ్ళు ఇద్దరు, మూడోవాడు దత్తాత్రేయ. ఎవరు ఏం రాశారో గుర్తు తెచ్చుకుంటూ, మిల్లుల వాళ్ళను అడిగి తెలుసుకుంటూ, ఒకసారి అయిపోయిన పనినే మళ్ళీ చెయ్యడం కొత్తపని కంటే ఎక్కువ అలసట. ఇది ఇంతకుముందు ఇంకా బాగా రాశామే అనిపించేది, ఎలా రాశారో గుర్తొచ్చేది కాదు. దత్తాత్రేయ కళ్ళు మంటలెత్తేవి. మొత్తానికి కోతల నాటికి పని జరిగేంతవరకు తయారైంది. పదమూడు మిల్లులు అప్పటికే వెళ్ళిపోయాయి. మిగిలినవి ఉన్నాయి.

నవంబరులో జయకృష్ణ భానుశ్రీని తిరిగి రమ్మని దత్తాత్రేయ చేత అడిగించాడు. రానంది. కారణం చెప్పలేదు, అతనూ అడగలేదు. మంగళగిరి ఉద్యోగంలో అప్పటికే వేరేవాళ్ళు చేరిపోయారు. ఆ లెటర్ పట్టుకుని ఆమె ఇంకో మూడు నెలలు తిరిగింది. ఫిబ్రవరిలో మంగళగిరిలోనే వేరే కంపెనీలో చేరింది. మొదటిదానికంటే చిన్నది. హనుమయ్య ఆలస్యంగా నాటిన రెండెకరాలు పండాయని, మిగతా రెండూ బీడు పెట్టాడని ఆమె మెసేజ్‌లో రాసింది.

జయకృష్ణ దత్తాత్రేయను తీసెయ్యలేదు. అయితే దత్తుగారూ అని పిలవడం మానేశాడు. దత్తాత్రేయగారూ అంటాడు. పని ఉంటేనే మాట్లాడతాడు. సంక్రాంతి వెళ్ళాక ఒక కొత్త ఇంజనీరును తీసుకున్నాడు. నెల తర్వాత ఆ ఇంజనీరు చెబితే దత్తాత్రేయకు తెలిసింది, ధాన్యసిరి కోడ్ ఇప్పుడు ఇంటర్నెట్‌లో కూడా ఉంటోందట. జయకృష్ణే దగ్గరుండి పెట్టించాడట. గోడలు దాటకూడదన్న మనిషి. మంచిదేనన్నాడు దత్తాత్రేయ. నిజంగా మంచిదే. తనకు ఒక్క మాట చెప్పి ఉండొచ్చనిపించింది. ఆ సాయంత్రం కనకవల్లితో, ఇంకో నాలుగేళ్ళు లాగితే చాలన్నాడు. ఆమె అతని మోకాళ్ళకు నూనె వెచ్చబెట్టి తెచ్చింది.

మార్చి నెలాఖరున ఒకరోజు ఆఫీసు పని మీద బెంజ్ సర్కిల్ వచ్చి, సాయంత్రం అయిదున్నరకు సిటీ బస్సు కోసం నిలబడి ఉంటే ఫోన్ మోగింది. భానుశ్రీ.

"సార్, బిజీనా? ఒక డౌటు. ఇక్కడ క్లయింటు వాళ్ళ బిల్డింగ్‌లో ఇంటర్నెట్ ఇవ్వరంట. లోపలి నెట్‌వర్క్‌లోనే సర్వర్ పెట్టాలి. ఎనిమిదిమంది క్లోన్ చేసుకోవాలి. ఎవరో ఒకరు పంపితే మిగతావాళ్ళకి పర్మిషన్ లేదని వస్తంది. పొద్దుటినుంచి చూస్తన్నాను."

బస్సుల హారన్లకు సరిగ్గా వినిపించలేదు. దత్తాత్రేయ ఒక చెవి మూసుకుని, బస్టాపు వెనక్కి జరిగి, ఫోల్డర్ ఎవరి పేరు మీద ఉందో అడిగాడు. ఆమె చెప్పింది. అందరినీ ఒక గ్రూపులో పెట్టావా అన్నాడు. పెట్టానంది. ఆ ఫోల్డర్‌లో కొత్తగా పుట్టే ఫైళ్ళు కూడా ఆ గ్రూపుకే చెందేలా చెయ్యాలి, అది మర్చిపోయి ఉంటావన్నాడు. ఎలాగో ఒక్కొక్క అడుగు చెప్పాడు. ఆమె అక్కడ కొట్టి చూస్తూ ఉంది. ఈలోపు సత్యనారాయణపురం వైపు వెళ్ళే బస్సు ఒకటి వచ్చి వెళ్ళింది. ఇంకొకటి కూడా వెళ్ళింది.

"వచ్చింది సార్" అంది చివరికి. "ఇద్దరితో పంపించి చూశాను. వచ్చింది."

"మిగతా ఆరుగురితో కూడా చూడు."

"చూస్తాను. ఉంటాను సార్."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మూడో బస్సు కిక్కిరిసి వచ్చింది. ఫుట్‌బోర్డు మీద ఉన్నవాళ్ళు కాస్త జరిగి చోటిచ్చారు. అతను కడ్డీ పట్టుకుని ఎక్కి, నిలబడే ఇంటికి వెళ్ళాడు.